ముందు వెనక టైర్లు చూడు

అమ్మలూ,

నువ్వు కారు కొన్నావని, దాన్ని నీ చేతులతోనే బాగుచేసుకుంటానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పన్నెండేళ్ల బండట, మలుపుల్లో ఊగుతోందట, అందుకని గట్టి స్ప్రింగులు వేయించి ఎత్తు తగ్గిస్తావట. విన్న దగ్గర్నుంచి రెండు రాత్రులు సరిగా నిద్ర పట్టలేదు. గర్వంగానూ ఉంది, టెన్షన్‌గానూ ఉంది. చిన్నప్పుడు నేను బండి కింద పడుకుని చెయ్యి చాపితే స్పానర్ నంబరు చూసి అందించేదానివి. పన్నెండు అడిగితే పదమూడు ఎప్పుడూ ఇవ్వలేదు. ఫోన్లో చెబితే సగం మాటలు "సరే మామయ్యా"తో తేలిపోతాయని ఇలా కూర్చుని రాస్తున్నాను.

స్ప్రింగుల మాట ఇప్పుడే వద్దు. అన్నేళ్లు తిరిగిన బండి ఊగుతోందంటే కంపెనీ మెత్తటి స్ప్రింగులు వేసిందని కాదు, లోపల ఏవో అరిగాయని. కొత్తలో అది ఎలా నడిచేదో ముందు ఆ స్థితికి తీసుకురా. ఆ పని కాకుండానే మార్పులు మొదలుపెడితే దేనివల్ల బాగైందో, దేనివల్ల చెడిందో నీకే అంతుపట్టదు.

గాలితో మొదలుపెట్టు. డ్రైవర్ డోర్ తెరిస్తే పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటుంది, కొన్ని బండ్లలో పెట్రోల్ మూత లోపలివైపు ఉంటుంది. ముందు ఎంత, వెనక ఎంత, నిండా మనుషులూ సామానూ ఉంటే ఎంత, అన్నీ దాని మీద ఉంటాయి. టైరు పక్కన అచ్చువేసిన అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం మాత్రమే, దాన్ని చూసి కొట్టించకు. పొద్దున్నే బండి కదలకముందు కొలువు, లేదంటే ఆపి మూడు గంటలైనా అయ్యాక. తిరిగొచ్చిన టైరు వేడి మీద నాలుగైదు పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువైందనుకుని తీసేశావంటే చల్లారాక తక్కువైపోతుంది. వాతావరణం ఐదారు డిగ్రీలు చల్లబడినా ఒక పీఎస్‌ఐ పడిపోతుంది. అందుకని నెలకోసారి తప్పకుండా చూడాలి. గాలి కొలిచే సొంత గేజ్ ఒకటి కొనుక్కుని ఎప్పుడూ దాన్నే వాడు.

కంటితో చూసి బాగానే ఉందనుకోవడం, కాలితో తన్ని చూడటం, ఈ రెండూ నీ దగ్గర ఉండకూడదు. ఎందుకో చెబుతాను. ఈ సంగతి మీ అమ్మకి కూడా ఇంతవరకూ పూర్తిగా చెప్పలేదు.

అప్పుడు నీకు రెండేళ్లు. నా కారుకి నాలుగు టైర్లూ అరిగాయి. నాలుగూ మార్చేంత డబ్బు లేక రెండే కొన్నాను. స్టీరింగ్ తిరిగేది ముందు, ఇంజన్ లాగేది ముందు, బ్రేకు ఎక్కువ పట్టేది ముందు అనుకుని ఆ రెండూ ముందే వేయించాను. ముందు చక్రాల్లో గాలి పొద్దున్నే గేజ్ పెట్టి ఒక్క పీఎస్‌ఐ తేడా లేకుండా సరిచేసుకునేవాణ్ణి. వెనక వాటిని మాత్రం నడుస్తూ అలా చూసి వదిలేసేవాణ్ణి. పక్కలు గట్టిగా ఉండే టైరు గాలి పది పీఎస్‌ఐ తగ్గినా మామూలుగానే కనబడుతుందమ్మా. ఆ విషయం తెలిసి కూడా వదిలేశాను.

ఇందులో నన్ను మోసం చేసింది ఏంటో తెలుసా? బండి అంతకుముందు కంటే బాగా తిరగడం మొదలుపెట్టింది. మలుపు దగ్గర స్టీరింగ్ ఇలా అంటే చాలు, ముక్కు లోపలికి వచ్చేసేది. కొత్త టైర్లతో హ్యాండ్లింగ్ మెరుగైందని సంబరపడిపోయాను. కనబడిన వాళ్లందరికీ చెప్పాను. నిజానికి జరుగుతున్నది వేరు. ముందు పట్టు పెరిగింది, వెనక పట్టు తగ్గింది. ముక్కు అంత చురుగ్గా తిరగడానికి సగం కారణం తోక పక్కకి జరుగుతుండటమే. పొడి రోడ్డు మీద ఆ తేడా నా చేతికి హాయిగా తగిలింది.

తర్వాత వాన పడింది. నేను ఎన్నోసార్లు వెళ్లిన మలుపే, వేగం కూడా ఎక్కువేం కాదు. మలుపు మధ్యలో నీళ్లు నిలిచి కనబడ్డాయి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు చటుక్కున తీసేశాను. బరువంతా ముందుకి వాలింది, వెనక భాగం తేలికైంది, అరిగిన గాట్లలోంచి నీరు బయటికి పోలేదు. స్టీరింగ్‌లో చిన్న కదలిక కూడా లేదు. కిటికీ బయట చెట్లు అడ్డంగా జరిగాయి, అంతే. బండి వచ్చిన వైపుకే తిరిగి, రోడ్డు పక్క బురదలో ఆగింది. వెనక సీట్లో మీ అమ్మ నిన్ను రెండు చేతులతో గుండెకి అదుముకుని ఉంది. నువ్వు ఏడవను కూడా లేదు, నావైపే చూస్తున్నావు. ఆ చూపు నాకింకా గుర్తే.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. మర్నాడు పొద్దున్న ఒక్కణ్ణే వెళ్లి గేజ్ పెట్టాను. స్టిక్కర్ మీద వెనక టైర్లకి 32 అని ఉంది. ఒకదాంట్లో 24 ఉంది, రెండోదాంట్లో 21. ఇంట్లో మాత్రం వాన వల్ల జారిందని చెప్పాను. ఇన్నేళ్లూ అదే మాట మీద ఉన్నాను. వాన వల్ల కాదు, నావల్ల. ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించు.

ముందు టైర్లు జారితే నీకు తెలుస్తుంది. స్టీరింగ్ తేలికవుతుంది, బండి మలుపు బయటికి పోతుంది, భయపడి కాలు తీసినా చాలావరకు సర్దుకుంటుంది. వెనక టైర్లు ముందుగా ఏమీ చెప్పవు. అవి జారినప్పుడు భయంతో కాలు తీస్తే ఇంకా జారతాయి. అందుకని రెండే టైర్లు కొనే పరిస్థితి వస్తే కొత్తవి వెనక వేయించు, వెనకున్న మంచివి ముందుకి మార్పించు. షాపులో ఎవరు ఏం చెప్పినా వినకు. గాట్ల లోతు 1.6 మిల్లీమీటర్లకి వచ్చిందంటే టైరు పని అయిపోయినట్టే, వానలో తిరిగే బండికి అంతదాకా కూడా ఆగకు. టైరు పక్కన తయారీ కోడ్ చివర నాలుగు అంకెలు చూడు. 2319 అని ఉంటే 2019లో 23వ వారం చేసిందని. గాట్లు ఎంత లోతుగా ఉన్నా పదేళ్లు దాటిన టైరు ఉంచకు.

ఇదంతా సరిచేశాక గాలితో ప్రయోగం చేయాలనిపిస్తే చెయ్యి, నేను వద్దనను. స్టిక్కర్ అంకె కంటే కిందికి మాత్రం పోవద్దు. ఒకసారి రెండే పీఎస్‌ఐ మార్చు, ముందు జతైనా సరే, వెనక జతైనా సరే. రెండూ ఒకేసారి కాదు. నోట్‌బుక్‌లో రాసుకో. టైరు నడుమ ఎక్కువ అరుగుతుంటే గాలి ఎక్కువైనట్టు, రెండు అంచులూ అరుగుతుంటే తక్కువైనట్టు. ఒకే అంచు అరుగుతుంటే అది అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాల సంగతి.

ఇక సస్పెన్షన్. టైరు మీద అరచెయ్యి పెట్టి చుట్టూ మెల్లగా నిమిరి చూడు. అలలు అలలుగా ఎగుడుదిగుడు తగిలితే షాక్ అబ్జార్బర్లు అయిపోయాయని గట్టిగా అనుమానించు. బరువు మోసేది స్ప్రింగు. ఆ ఊగుడుని ఆపేది షాక్ అబ్జార్బర్. అది పోతే గుంట దాటాక టైరు నేల మీద గంతులేస్తూ పోతుంది. బానెట్ మీద నొక్కి వదిలి చూస్తే పూర్తిగా పోయినవే తెలుస్తాయి, సగం పోయినవి తెలియవు. షాక్ అబ్జార్బర్ బాడీ మీద నూనె తడి దుమ్ము పట్టి నల్లగా ఉందేమో టార్చి వేసి చూడు. మార్చాల్సి వస్తే ఒక్కటి కాదు, జతగా మార్చు. స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఉండే భాగం) నుంచి స్ప్రింగు విప్పే పని మాత్రం నువ్వు పెట్టుకోకు, బిగిసి ఉన్న స్ప్రింగు ఎగిరితే మనిషి ప్రాణం తీస్తుంది. అది మెకానిక్‌కి వదిలెయ్.

లోయర్ ఆర్మ్ బుష్‌లు, అంటే చక్రాన్ని బండికి కలిపే కింది ఆర్మ్ కీలులోని రబ్బర్లు, వాటిని ఎవరూ పట్టించుకోరు గానీ పాత బండి ఊగడంలో సగం వాటిదే. రాడ్ పెట్టి ఆర్మ్‌ని కొంచెం పక్కకి నెట్టి చూస్తే రబ్బరులో పగుళ్లు నోరు తెరుస్తాయి. కొత్తవి వేశాక ఒక చిన్న సంగతి. చాలామంది మెకానిక్‌లు కూడా తొందరలో మరిచిపోతారు. చక్రం గాల్లో వేలాడుతుండగా బుష్ బోల్టు చివరిదాకా బిగించకూడదు. అలా బిగిస్తే బండి కిందికి దిగగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది, కొన్నాళ్లకే చినుగుతుంది. బండి బరువు చక్రాల మీద పడ్డాక చివరి బిగింపు ఇవ్వాలి. ఆర్మ్‌ని చక్రం వైపు కలిపే బాల్ జాయింట్‌లో ఏమాత్రం వదులు ఉన్నా ఆ బండిని రోడ్డెక్కించకు. అన్నీ అయ్యాక అలైన్‌మెంట్ చేయించు, ముందు చేయిస్తే డబ్బు దండగ.

జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి దూరకు. స్టాండ్లు పెట్టి, చేత్తో గట్టిగా ఊపి చూశాకే దూరు. ఈ ఒక్క విషయంలో నీ మాట వినను, నువ్వే నా మాట వినాలి. చక్రాలు బిగించాక వంద కిలోమీటర్ల లోపు నట్లు మళ్లీ టార్క్ రెంచ్‌తో (బిగింపు కొలిచే స్పానర్) చూసుకో.

ఈ ఉత్తరం అందిన మర్నాడు పొద్దున్నే, తాళం తిప్పకముందు, గేజ్ తీసుకుని కిందికి వెళ్లు. వెనక వాటితో మొదలుపెట్టు. స్టెప్నీతో కలిపి అయిదు అంకెలూ రాసి నాకు పంపు. ఫోన్ పక్కనే పెట్టుకుని ఉంటాను.

మీ మామయ్య