తెర నిండా ఎర్రర్ వస్తే ముందు ఫోటో తియ్యి, అల్లుడూ

అల్లుడూ,

రాత్రి నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను లీలామహల్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నా. ఆ హారన్ల గోలలో సగమే వినబడింది. "మామా, లినక్స్‌లో కూడా బ్లూ స్క్రీన్ వచ్చింది, పక్కన క్యూఆర్ కోడ్ ఉంది, భయమేసి పవర్ బటన్ నొక్కేశా" అన్నావు. నొక్కేశావు కదా, ఇక ఆ తెర మీద ఏం రాసుందో నీకూ తెలీదు, నాకూ తెలీదు. మీ కాలేజీ ల్యాబ్‌లో ఇంకోసారి అలా వస్తే చెయ్యి జేబులోకి పోవాలి, బటన్ మీదికి కాదు. ముందు ఫోటో తియ్యి.

ఆ తెరను చూసి బెదరాల్సిన పనిలేదు. లినక్స్‌ను పైకి లేపే ప్రోగ్రామ్ పేరు సిస్టమ్‌డీ, 2023 డిసెంబర్‌లో వచ్చిన దాని 255 వెర్షన్‌లో ఆ ఏర్పాటు చేర్చారు. బూట్ అవుతుండగా అత్యవసర స్థాయి మెసేజ్ ఏదైనా లాగ్‌లో, అంటే మిషన్ రాసుకునే చిట్టాలో పడితే దాన్ని తెర నిండా చూపించి, పక్కన క్యూఆర్ కోడ్ పెడుతుంది. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ కుప్పకూలినప్పుడు వచ్చే తెర వేరు. అది 2024 జూలైలో కెర్నల్ 6.10 వెర్షన్‌తో వచ్చింది, దానికి క్యూఆర్ కోడ్ అదే ఏడాది నవంబర్‌లో 6.12లో కలిసింది. అన్ని మిషన్లలోనూ రాదులే, గ్రాఫిక్స్ డ్రైవర్‌ను బట్టి ఉంటుంది. మా రోజుల్లో నల్ల తెర మీద పరిగెత్తే అక్షరాలను కాగితం మీద ఎక్కించుకునేవాళ్లం. సగం ఎక్కించేలోపే మిగతాది పైకి పోయేది.

క్యాప్స్‌లాక్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉండి, ఏ కీ నొక్కినా ఉలుకూ పలుకూ లేకపోతే అది కెర్నల్ ప్యానిక్. ఫోటో తీశాక అప్పుడు బటన్ నొక్కు, వేరే దారి లేదు.

మిగతావాటిలో బండి ఎక్కడ ఆగిందో చూడు. కెర్నల్‌ను లేపే చిన్న ప్రోగ్రామ్ గ్రబ్, గ్రబ్ రెస్క్యూ అని వస్తే కెర్నల్ దాకా కూడా పోలేదని అర్థం. ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ (అసలు డిస్క్ దొరికేదాకా వాడుకునే తాత్కాలిక ఏర్పాటు) ప్రాంప్ట్ వస్తే కెర్నల్ లేచింది కానీ సిస్టమ్ ఫైళ్లుండే రూట్ పార్టిషన్ దొరకలేదు, లేదా దొరికినా పాడై ఉంది. కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసిన మర్నాడు ఎక్కువగా వచ్చేది ఇదే. డిస్క్ మీది ఫైళ్ల అమరికను సరిచేసే కమాండ్ ఎఫ్ఎస్‌సీకే కొడితే చాలాసార్లు సర్దుకుంటుంది. కానీ పై లైన్లలో ఐఓ ఎర్రర్ (డిస్క్ చదవడంలో, రాయడంలో తప్పు) కనిపిస్తే మాత్రం దాని జోలికి పోవద్దు. డిస్కే పోతోందన్నమాట, ముందు డేటా బయటికి తీసుకో. అప్‌డేట్ చేసిన వెంటనే రూట్ మౌంట్ కాలేదని, అంటే ఆ పార్టిషన్ తగులుకోలేదని ప్యానిక్ వస్తే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్‌తో లేపు. పైకి లేచాక కెర్నల్ ఫైళ్లుండే బూట్ పార్టిషన్ నిండిపోయిందేమో చూడు.

ఎమర్జెన్సీ మోడ్, అంటే బూట్ మధ్యలో ఆగి రిపేరుకు మాత్రమే దారిచ్చే స్థితి, దాని గురించి మాత్రం నా పరువు పోయిన కథే చెప్పాలి. ఒకసారి మామిడి సీజన్‌లో చిత్తూరు దగ్గర ఒక గుజ్జు ఫ్యాక్టరీ నుంచి ఫోన్. కాటా దగ్గరున్న కంప్యూటర్ లేవట్లేదు. వెళ్లేసరికి గేటు బయట తోతాపురి లారీలు బారులు తీరి ఉన్నాయి, ఎండకు కాయ మెత్తబడిపోతోందని రైతులు అరుస్తున్నారు. తెర మీద ఒకటిన్నర నిమిషం లెక్క నడిచింది, తర్వాత ఎమర్జెన్సీ మోడ్. నేను చివరి లైను ఒక్కటే చూసి, హార్డ్ డిస్క్ పోయిందని తేల్చేసి, కొత్తది తెమ్మని తిరుపతికి మనిషిని పంపించా. రెండు గంటలు గడిచాయి. కాటా చీటీలు రాసే కుర్రాడు నా భుజం మీంచి తొంగి చూసి, "సార్, పైన బ్యాకప్ అని ఏదో ఉందే" అన్నాడు.

నిజమే. బ్యాకప్ డిస్క్ కోసం ఎదురుచూసి టైమవుట్ అయిందన్న లైను పైన ఉంది, దాని కింద డిపెండెన్సీ ఫెయిల్డ్ అని ఇంకోటి. ఆ యూఎస్‌బీ డిస్క్‌ను ఎవరో ఇంటికి పట్టుకెళ్లారు. ఏ డిస్కులు తగిలించాలో రాసుండే ఫైలు ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో దాని లైను లెక్కలోకి రాకుండా ముందు హ్యాష్ (#) పెట్టి రీబూట్ చేశా, నిమిషంలో లేచింది. తర్వాత ఆ లైనుకు నోఫెయిల్ తగిలించి హ్యాష్ తీసేశా. డిస్క్ లేకపోయినా ఇక బూట్ ఆగదు. ఆ రోజు డబ్బులు అడగడానికి నోరు రాలేదు. అందుకే చెబుతున్నా, చివరి లైను కాదు, మొదట ఫెయిలైన లైను వెతుకు.

ఉబుంటు లినక్స్‌లో రూట్‌కు, అంటే సర్వాధికారాలున్న అకౌంట్‌కు పాస్‌వర్డ్ పెట్టకపోతే ఎమర్జెన్సీ మోడ్‌లో రూట్ అకౌంట్ లాక్ అయి ఉందని చెప్పి లోపలికి రానివ్వదు. కాబట్టి లినక్స్ నేరుగా దాన్నుంచే లేచే లైవ్ పెన్‌డ్రైవ్ ఒకటి బీరువాలో ఎప్పుడూ ఉంచు. ఏమీ కనిపించకుండా లోగో మీదే ఆగిపోతే గ్రబ్ మెనూలో E కీ నొక్కి, క్వయిట్, స్ప్లాష్ అన్న రెండు మాటలు తీసేసి ఎఫ్10 కొట్టు. అప్పుడు మెసేజ్‌లన్నీ బయటపడతాయి.

ఇప్పుడా మిషన్ మామూలుగా లేస్తోందన్నావు కాబట్టి లాగ్ చూపించే కమాండ్ జర్నల్‌సీటీఎల్‌తో మైనస్ బీ మైనస్ వన్ (-b -1) ఇచ్చి, ముందటి బూట్ లాగ్ చూడు. రూట్ మౌంట్ అయ్యాక వచ్చిన తప్పయితే అందులో దొరకొచ్చు, అంతకు ముందుదైతే డిస్క్ మీదికి ఎక్కి ఉండదు. దొరికింది ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. ల్యాబ్ యూపీఎస్ బ్యాటరీలు ఎప్పుడు మార్చారో కూడా కనుక్కో. ఆదివారం అమ్మను చూడ్డానికి వస్తున్నా, పొద్దున్నే బస్సెక్కుతా.

మీ మామ