పెడల్ స్టీల్ మార్చుకోవాలా, ఉన్నదే ఉంచుకోవాలా?

ప్రశ్న: నా దగ్గర పది తీగల సింగిల్ నెక్ (ఒకే మెడ, అంటే ఒకే తీగల వరస) పెడల్ స్టీల్ ఉంది, అదే, ఒడి ముందు అడ్డంగా పెట్టుకుని కాలి పెడల్స్‌తో శ్రుతి మారుస్తూ వాయించే గిటార్. ఆల్-పుల్ రకం, ఇ9 ట్యూనింగ్, మూడు పెడల్స్, నాలుగు మోకాలి లీవర్లు. శ్రుతి బాగా నిలుస్తుంది. తెలిసినాయన ఒకరు తన పాత ఎమన్స్ కంపెనీ పుష్-పుల్ రకం డబుల్ నెక్ (రెండు మెడల గిటార్) నాకిచ్చి నాది తీసుకుంటానంటున్నారు, పైన డబ్బేమీ అక్కర్లేదట. ఆయన వాయించగా విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఇచ్చేయమంటారా?

జవాబు: ఇప్పుడే ఇవ్వకండి. ముందు ఒక పని చేయండి. మీ గిటార్ పట్టుకెళ్లి ఆయన ఆంప్‌కి, ఆయన వాల్యూమ్ పెడల్‌కి తగిలించి, ఆయన్నే వాయించమనండి. మీరు ఎదురుగా కూర్చుని వినండి. మీకు నచ్చిన నాదంలో గిటార్ వాటా ఎంతో, ఆయన కుడిచేతి వాటా ఎంతో, ఎడమచేత్తో తీగల మీద బార్ (ఉక్కు కడ్డీ) ఊపే తీరుది ఎంతో పావుగంటలో తెలిసిపోతుంది. ఇంత చిన్న పరీక్ష చేయకుండానే చాలామంది మంచి గిటార్లు వదిలేసుకుంటారు, నాకు బాధనిపించేది అదే.

పుష్-పుల్‌కి అంత పేరు ఊరికే రాలేదు. 1960ల్లో బడ్డీ ఎమన్స్, రాన్ లాష్లీ కలిసి పెట్టిన కంపెనీ గిటార్లవి. వాటిలో పెడల్ తొక్కనప్పుడు తీగ కింద ఉండే చేంజర్ ఫింగర్ (కదిలి ఆ తీగ శ్రుతి మార్చే లోహపు ముక్క) బాడీకి గట్టిగా ఆనుకుని ఉంటుంది, ఆ నిండుదనం దానివల్లే వస్తుందని వాయించేవాళ్లలో చాలామంది నమ్మకం, నేనూ ఒప్పుకుంటాను. కానీ అదే నిర్మాణం మీ చేత పని కూడా చేయిస్తుంది. మీ ఆల్-పుల్‌లో శ్రుతి పెంచాలన్నా తగ్గించాలన్నా రాడ్ లాగడమే, చివరన ఉన్న నైలాన్ నట్టు కాస్త తిప్పితే సరిపోతుంది. పుష్-పుల్‌లో పెంచడానికి లాగాలి, తగ్గించడానికి నెట్టాలి, ఒకే తీగ మీద రెండూ ఉన్నప్పుడు ఒకటి సర్దబోతే రెండోది కదలవచ్చు. ఒకసారి బాగా సర్దినది చాలాకాలం అలాగే ఉంటుంది, నిజమే. రేపు మీరు ఒక శ్రుతి మార్పును ఈ లీవర్ నుంచి ఆ లీవర్‌కి తెచ్చుకోవాలనుకుంటే మాత్రం చాలా ఓపిక కావాలి, లేదా ఆ పని తెలిసిన మనిషి అందుబాటులో ఉండాలి.

ఇక మెడల సంగతి. మీరు సి6 (స్వింగ్, జాజ్‌కి వాడే ఇంకో ట్యూనింగ్) వాయిస్తారా? మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. డబుల్ నెక్‌లో మామూలుగా సి6 మీ వైపు, ఇ9 అవతలి వైపు ఉంటుంది. ఇన్నాళ్లూ ఒడి దగ్గరే ఉన్న ఇ9 కోసం ఇకపై ఇంకో మెడ దాటి చెయ్యి చాపాలి, దాంతో భుజాలు ముందుకొస్తాయి, గంటసేపు సాధన చేసేసరికి వీపు పైభాగం పట్టేస్తుంది. కొన్నాళ్లకి అలవాటవుతుంది, అదేం పెద్ద కష్టం కాదు. కానీ స్వింగ్, జాజ్ కార్డ్స్ మీద మనసు లేకుండా ఆ రెండో మెడని, కేసుతో కలిపి 30 కిలోలకు అటూ ఇటూ ఉండే బరువుని మోసుకు తిరగడం దేనికి? అసలు ఆయన ఎందుకు వదులుకుంటున్నారో మొహమాటపడకుండా అడగండి. బరువు మోయలేక అయితే మీకు నష్టమేమీ లేదు. సర్దలేక విసిగిపోయి అయితే ఆ విసుగు రేపు మీ ఇంటికొస్తుంది.

అన్నీ విన్నాక కూడా మనసు అటే లాగితే, ఆయన గిటార్‌కి ట్యూనర్ పెట్టి చూడండి. నాలుగో తీగని (ఇ స్వరం) మీటండి, అది మోగుతుండగా ఏ, బి పెడల్స్ రెండూ కలిపి తొక్కండి. ఆ పెడల్స్ కదిపేది 3, 5, 6, 10 తీగల్ని, నాలుగో దానితో వాటికి పనే లేదు. అయినా ట్యూనర్ ముల్లు కాస్త కిందికి జారుతుంది, ఎందుకంటే మిగతా తీగల బిగువుకి బాడీ కొద్దిగా వంగుతుంది. కొన్ని సెంట్లు (అరస్వరంలో నూరో వంతు ఒక సెంటు) జారడం మామూలే. చెవికి స్పష్టంగా తెలిసేంత జారితే అది నట్లు తిప్పితే పోయేది కాదు. తర్వాత ఇ ని ఇ ఫ్లాట్‌కి దించే లీవర్ నొక్కి వదలండి, మెల్లగా ఒకసారి, గబుక్కున ఒకసారి. ప్రతిసారీ అదే చోటికి తిరిగి రావాలి, ఎనిమిదో తీగ మీద మరీ శ్రద్ధగా చూడండి. పెడల్స్ వరస కూడా గమనించండి. ఎమన్స్ అనే వరసలో ఎడమ నుంచి ఏ, బి, సి పెడల్స్ ఉంటాయి, డే అనే వరసలో ఆ మూడూ తిరగబడి ఉంటాయి. మీది ఒకటీ ఆయనది ఇంకొకటీ అయితే చీలమండ నేర్చుకున్నదంతా మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

ఇవన్నీ నెగ్గి, సి6 నేర్చుకోవాలని మీకే గట్టిగా ఉంటే మార్చుకోండి. ఇ9 ఒక్కటే వాయిస్తానంటే మీ గిటార్ మీ దగ్గరే ఉంచుకుని పికప్ మార్చి చూడండి. అప్పటికీ తీరకపోతే సింగిల్ నెక్ పుష్-పుల్ కోసం వెతకండి, తక్కువగా దొరుకుతాయి గానీ ఉన్నాయి.

ప్రశ్న: నా స్టీల్‌లో మూడో తీగ ఊరికే తెగిపోతోంది. వాయించేటప్పుడు ఒకటే టెన్షన్. గిటార్ మార్చేయడం మంచిదా?

జవాబు: దీనికోసం మార్చొద్దు. 0.011 అంగుళాల సన్నని తీగ, ఉండేదే జి షార్ప్‌లో, బి పెడల్ తొక్కిన ప్రతిసారీ దాన్ని 'ఏ' స్వరం దాకా లాగుతున్నారు. ఇ9 ఉన్న ఎలాంటి పెడల్ స్టీల్‌లోనైనా మామూలుగా ముందు తెగేది అదే. తెగిన ముక్క చూడండి. చేంజర్ మీద వంపు తిరిగే చోటే తెగుతుంటే ఆ ఫింగర్ మీద గాడి పడి ఉంటుంది, బాగా నున్నని ఎమరీ కాగితంతో, ఆపైన మెటల్ పాలిష్‌తో రుద్ది, తీగ ఎక్కించే ముందు ఒక్క బొట్టు నూనె వేయండి. తెగేదాకా ఆగకుండా ఆ ఒక్క తీగని ముందే మారుస్తూ ఉండండి.

ప్రశ్న: ఇద్దరం గిటార్లు మార్చుకుంటున్నాం. ఆయన వైపు నుంచి గిటార్‌తో పాటు ఏమేం అడగాలి?

జవాబు: కేసు, కాళ్లు నాలుగూ, పెడల్ రాడ్లు, ట్యూనింగ్ రెంచ్, మిగిలిపోయిన బెల్‌క్రాంక్‌లు (పెడల్ కదలికని రాడ్‌కి అందించే చిన్న లోహపు ముక్కలు), పుల్ రాడ్లు. పుల్ రాడ్లు తప్పకుండా అడగండి. ఆ గిటార్ చేసిన కంపెనీ మూతపడి ఉంటే రేపు ఒక్క బెల్‌క్రాంక్ కోసం నెలలు వెతకాల్సి రావచ్చు. పికప్ మార్చి ఉంటే పాతది ఎక్కడుందో కనుక్కుని అదీ తీసుకోండి.