బెల్ మార్‌లో బోర్డు మీద నిలబడలేకపోతే

మారిషస్ వచ్చిన దగ్గర్నుంచి ప్యాడిల్‌బోర్డు (నీళ్ల మీద నిలబడి తెడ్డుతో నడిపే పలక) మీద లేచిన ప్రతిసారీ పడిపోతున్నామని, బాబు ఇక ఎక్కనంటున్నాడని రాశారు కదండీ, చాలావరకు తప్పు గాలిది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ ఆగ్నేయం నుంచి గాలి గట్టిగా వీస్తుంది, మీరున్న బెల్ మార్ తూర్పు తీరంలో దానికి ఎదురుగా ఉంది. ఒక పూట కారు మాట్లాడుకుని వాయవ్యాన ఉన్న ట్రూ ఓ బిష్ బీచ్‌కి పొద్దున్నే, గాలి పుంజుకోకముందే వెళ్లండి. కాకపోతే అటువైపు నీళ్లు ప్రశాంతంగా కనిపించినా గాలి మిమ్మల్ని ఒడ్డు నుంచి సముద్రం లోపలికి తోసేస్తుంది, అందుకే నడుము లోతు దాటకుండా ఒడ్డు వెంబడే తిరగండి. కాలికి లీష్ (బోర్డుకి కట్టి ఉంచే తాడు), అందరికీ లైఫ్‌జాకెట్, ఇందులో మొహమాటం వద్దు.

32 అంగుళాల వెడల్పు బోర్డు అడగండి. మోకాళ్ల మీద ఉండి కాసేపు తెడ్డు వేసి, బోర్డు కదులుతుండగానే లేవండి, సైకిల్ లాగే ఇదీ కదిలితేనే నిలుస్తుంది. బోర్డు మధ్యలో ఉన్న చేతిపిడికి చెరోవైపు పాదాలు, మోకాళ్లు కాస్త వంచి, చూపు దూరంగా. పాదాల వైపు చూశారో, నీళ్లలోనే!

బాబుని ముందు కూర్చోబెట్టుకుని మీరు మోకాళ్ల మీదే నడపండి, నిలబడి తీరాలని రూలేం లేదు. అడుగున సీ అర్చిన్లు (ఒళ్లంతా ముళ్లుండే సముద్ర జీవులు) ఉంటాయి, నీళ్లలో వేసుకునే చెప్పులు లేకుండా దిగొద్దు.