సన్మానం సరే, ఆట ఎప్పుడు?

పాఠకుల ప్రశ్నలకు మాస్టారి జవాబులు

ప్రశ్న: మాస్టారూ, మాది ధర్మవరం దగ్గర పల్లె. ఈ ఉగాదికి మా ప్రాంతపు తోలుబొమ్మలాట కళాకారుడికి మా యువజన సంఘం తరఫున పురస్కారం ఇవ్వాలనుకున్నాం. చందాలు యాభై వేలు వచ్చాయి. వేదిక, ఫ్లెక్సీలు, గజమాల, శాలువా, జ్ఞాపిక అన్నీ కలిపితే ఖర్చు నలభై వేలు దాటుతోంది. మిగిలింది ఆయనకు ఇస్తాం. మా ఊరి పెద్దమనిషి ఒకాయన మాత్రం ‘వాళ్లు ఇంట్లో మరాఠీ మాట్లాడతారు, మనవాళ్లు ఎలా అవుతారు?’ అంటున్నారు. ఏం చేయమంటారు?
– సంఘం కార్యదర్శి, శ్రీసత్యసాయి జిల్లా

జవాబు: ముందు పెద్దమనిషి సంగతి. బొమ్మలాట కుటుంబాల్లో చాలామంది ఇంట్లో మరాఠీ మాట్లాడుకునే మాట నిజమే. కానీ తెర మీద రాముడు మాట్లాడేది తెలుగు. వాళ్లు పాడే ద్విపదల్లో, అంటే రెండేసి పాదాల పద్యాల్లో, రంగనాథ రామాయణం వినిపిస్తుంది. ఇక ఆటలో నవ్వించే బొమ్మలు జుట్టుపోలిగాడు, బంగారక్క తిట్టుకునే తిట్లంటారా, అవి ఏ నిఘంటువుకూ ఎక్కని అచ్చ తెలుగు. మీ పెద్దమనిషిని ఒక ద్విపద తడుముకోకుండా చదవమనండి. చదివితే అప్పుడు చర్చ పెట్టుకుందాం.

ఇక మీ లెక్క. కోపం తెచ్చుకోకండి, అది తలకిందులుగా ఉంది. ఒక పట్టణంలో కళాసమితి కార్యదర్శిగా ఏళ్ల తరబడి శాలువాలు కప్పించినవాణ్ణి నేను. ఆ రోజుల్లో ఒక బుర్రకథ కళాకారుడి ఇంటికి వెళ్లాను. వచ్చిన శాలువాలన్నీ కలిపి బొంత కుట్టుకున్నారు. జ్ఞాపికలు మంచం కింద గోనెసంచిలో ఉన్నాయి. కాఫీ ఇస్తూ ఆయన భార్య అన్నది, ‘ఇవి ఎవరైనా ఇస్తారయ్యా, ఒక ఆట పెట్టించండి’ అని. అప్పటి నుంచి నా సలహా ఆమె సలహానే.

అసలు తోలుబొమ్మలాట ఒక్కరి విద్య కాదు. ఒకరు బొమ్మ పట్టాలి, ఒకరు మద్దెల వాయించాలి, ఒకరు హార్మోనియం, ఒకరు తాళం. సీతకు, మండోదరికి గొంతు ఇచ్చేది ఆ ఇంటి ఆడవాళ్లు. యుద్ధం వచ్చినప్పుడు కాలి కింద చెక్కలు తొక్కి చప్పుడు పుట్టిస్తారు. ఇంతమందిలో ఒక్కరిని వేదిక ఎక్కించి, మిగతావాళ్లను వెనక వరసలో కూర్చోబెడితే అది సన్మానమా? పురస్కారం ఆయన పేరు మీదే ఇవ్వండి, కానీ ఫ్లెక్సీ మీద బృందంలో అందరి పేర్లూ ఉండాలి, ఆడవాళ్ల పేర్లతో సహా. ఫ్లెక్సీ ఒక్కటి చాలు. గజమాల వద్దు. శాలువా ఒకటి చాలు, ధర్మవరం నేతది అయితే మీ ఊరి పక్క మగ్గానికీ పని దొరుకుతుంది.

మిగిలిన డబ్బుతో ఆట ఆడించండి. వెనకటిలా తెల్లవార్లూ కూర్చునే ఓపిక ఇప్పటివాళ్లకు లేదు కాబట్టి ఒక్క ఘట్టం అడగండి. నా ఓటు లంకాదహనానికి. పిల్లలు కదలరు. ఆటకు చీకటి కావాలి. కాబట్టి ప్రసంగాలు సాయంత్రం ఐదింటికే మొదలుపెట్టి, పొద్దు గూకేసరికి ముగించండి. ఎమ్మెల్యే గారు ఆలస్యంగా వస్తే ప్రేక్షకుల్లో కూర్చుంటారు, తప్పేమీ లేదు. వేదిక మీది రంగురంగుల దీపాలు, పక్కనున్న ట్యూబులైట్లు అన్నీ ఆర్పించండి. ఒకప్పుడు ఆముదం దీపాల వెలుగులో ఆడిన ఆట ఇది. మేకతోలును గీకి, ఆరబెట్టి, వెలుగు దూరేంత పలచన చేసి, నగలున్న చోటల్లా చిన్న చిన్న రంధ్రాలు పొడుస్తారు. వెనక దీపం వెలిగితేనే సీత హారం మెరుస్తుంది. ఎదురుగా మీ ఫోకస్ లైటు పడితే అదంతా వృథా.

ఆట అయ్యాక పిల్లల్ని తెర వెనక్కు పంపండి, బృందాన్ని అడిగి. భుజం, మోచేయి, మోకాలు ఎక్కడికక్కడ ముడి వేసి ఎలా కదిలిస్తారో చూస్తారు. నిమ్మలకుంట మీకు దూరమేమీ కాదు. 2020 సంవత్సరపు పద్మశ్రీ పొందిన తోలుబొమ్మలాట కళాకారుడు దళవాయి చలపతిరావు గారి ఊరు అది. అక్కడ ఇప్పుడు చాలా ఇళ్లలో తోలుతో దీపపు తొడుగులు చేసి అమ్ముతున్నారు. చేతిపని బతికింది, సంతోషమే. కానీ దీపపు తొడుగు ద్విపద పాడదు కదా.

చివరి మాట డబ్బు గురించి. ఆట పారితోషికం, ప్రయాణ ఖర్చులు పురస్కారంలో కలపకండి, విడిగా ఇవ్వండి. ఆ రాత్రే ఇవ్వండి. ‘చెక్కు తర్వాత పంపిస్తాం’ అనే మాట కళాకారులు మనకంటే ఎక్కువసార్లు విన్నారు.

ప్రశ్న: మా మేనమామ గారికి పద్మశ్రీ వచ్చింది. పెళ్లి శుభలేఖలో పేరుకు ముందు ‘పద్మశ్రీ’ అని వేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: వేయించకూడదమ్మా. ఇవి బిరుదులు కావు, పేరుకు ముందూ వెనకా తగిలించకూడదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. సినిమా పోస్టర్లు చూసి మనకు అలవాటైపోయింది. మీ మామయ్య గారి పేరు చాలు, వచ్చేవాళ్లకు ఆయనెవరో తెలుసు.

ప్రశ్న: మా తాతయ్య చిందు యక్షగానం ఆడతారు. ఆయన పేరు పద్మ పురస్కారానికి ఎవరు పంపాలి? వస్తే డబ్బు ఎంత ఇస్తారు?
– డిగ్రీ విద్యార్థి, నిజామాబాద్ జిల్లా

జవాబు: నువ్వే పంపవచ్చు బాబూ. కేంద్రప్రభుత్వ పురస్కారాల వెబ్‌సైటులో ఎవరైనా ప్రతిపాదించవచ్చు, తమ పేరు తామే పంపుకోవచ్చు కూడా. గడువు ఒకప్పుడు మామూలుగా సెప్టెంబరు 15 ఉండేది, 2026 పురస్కారాలకు మాత్రం 2025 జూలై 31కే ముగిసింది, కాబట్టి ముందే వెబ్‌సైటులో చూసుకో. ఆయన చేసిన కృషిని 800 మాటలకు మించకుండా రాయాలి. ‘కళామతల్లి ముద్దుబిడ్డ’ వంటివి రాసి ఆ మాటలు ఖర్చు చేయకు. ఏ వేషాలు కట్టారు, ఏ ఊళ్లలో ఆడారు, ఎవరికి నేర్పారు అన్నవి రాయి. చిందు యక్షగానానికే గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది, కాబట్టి ఆ కళ అంటే ఏమిటో మొదటి నుంచి వివరించే శ్రమ కొంత తగ్గింది.

పద్మశ్రీతో నగదు రాదు. పతకం, రాష్ట్రపతి సంతకంతో పత్రం, అంతే. తెలంగాణ ప్రభుత్వం మాత్రం 2024లో పద్మశ్రీ కళాకారులకు 25 లక్షల రూపాయలు, నెలకు 25 వేల పింఛను ప్రకటించింది. అదే ఏడాది, పద్మశ్రీ అందుకున్న కిన్నెర వాద్య కళాకారుడు మొగులయ్య గారు కూలి పనికి వెళుతున్నారన్న వార్త కూడా పత్రికల్లో వచ్చింది. నగదు కావాలంటే సంగీత నాటక అకాడమీ పురస్కారం చూడు, దానికి లక్ష రూపాయలు ఇస్తారు. రెండింటి కోసమూ పనికొస్తుంది, ఈ వేసవి సెలవుల్లో తాతయ్య ఆట ఒకటి పూర్తిగా వీడియో తీయించు. ఫోను చాలు, పక్కన మైకు విడిగా పెట్టు.