సెడ్ నడిచింది, సర్వర్ మాత్రం మారలేదు

ప్రశ్న: మా ఆఫీసులో ఇరవై దాకా ఉబుంటు 22.04 క్లౌడ్ సర్వర్లున్నాయి. పాస్‌వర్డ్ లాగిన్ ఆపేద్దామని ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్ ఫైల్లో (రిమోట్ లాగిన్ నడిపే ఎస్‌ఎస్‌హెచ్‌డీ సర్వీస్ సెట్టింగులు ఉండేది) ‘పాస్‌వర్డ్అథెంటికేషన్ యెస్’ని ‘నో’ చేసేలా సెడ్‌తో (ఫైల్లో మాటలు వెతికి మార్చే కమాండ్) స్క్రిప్ట్ రాశాను. ఎర్రర్ రాలేదు, రీస్టార్ట్ కూడా చేశాను. అయినా పాస్‌వర్డ్ తీసుకుంటూనే ఉంది. ఎందుకు?

జవాబు: ఎర్రర్ రాలేదన్నది నమ్మకండి. వెతికిన మాట దొరక్కపోయినా సెడ్ సున్నాతోనే, అంటే ‘సక్సెస్’ అనే, బయటికొస్తుంది. పైగా ఉబుంటులో ఆ లైన్ ముందు # ఉంటుంది, అంటే అది అమలు కాని కామెంట్. మీ స్క్రిప్ట్ ‘యెస్’ని ‘నో’ చేసినా, మారింది కామెంటే.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ఆ ఫైల్ పైభాగంలోనే ఒక ఇంక్లూడ్ లైన్ ఉంది. అది ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్.డి ఫోల్డర్లోని .కాన్ఫ్ ఫైళ్లన్నీ ముందే చదివిస్తుంది. క్లౌడ్ సర్వర్లలో తరచూ అక్కడ 50-క్లౌడ్-ఇనిట్.కాన్ఫ్ కూర్చుని ‘యెస్’ అంటుంటుంది. ఎస్‌ఎస్‌హెచ్‌డీకి మొదట కనబడిన విలువే ఖాయం, కింద మీరెన్నిసార్లు ‘నో’ రాసినా పట్టించుకోదు.

కాబట్టి సెడ్ వదిలేయండి. అదే ఫోల్డర్లో 01-పాస్‌వర్డ్.కాన్ఫ్ అని ఒక ఫైల్ పెట్టి, అందులో ‘పాస్‌వర్డ్అథెంటికేషన్ నో’ అన్న ఒక్క లైన్ రాయండి. పేర్ల వరసలో 50 కంటే ముందొస్తుంది, స్క్రిప్ట్ పదిసార్లు నడిచినా ఫలితం అదే. ‘సుడో ఎకో’ (అడ్మిన్ హక్కులతో ఎకో) పెట్టి > గుర్తుతో రాయబోతే పర్మిషన్ డినైడ్ వస్తుంది, ఎందుకంటే ఫైల్ తెరిచేది సుడో కాదు, మామూలు హక్కులతో నడిచే మీ షెల్. ఎకోని పైప్‌తో ‘సుడో టీ’కి (tee, వచ్చినదాన్ని ఫైల్లో రాసే కమాండ్) పంపండి.

తర్వాత ‘ఎస్‌ఎస్‌హెచ్‌డీ -టీ’ నడపండి. చిన్న టీ (-t) అయితే తప్పులు చెబుతుంది, పెద్ద టీ (-T) అయితే చివరికి అమల్లో ఉండే విలువలన్నీ చూపిస్తుంది. అందులో ‘నో’ కనబడ్డాకే రీలోడ్ చేయండి. ఉన్న సెషన్ మూయకుండా, ఇంకో టెర్మినల్ నుంచి పాస్‌వర్డ్ బదులు ఎస్‌ఎస్‌హెచ్ కీతో లాగిన్ అవుతోందో లేదో చూసుకోండి. ఇరవై సర్వర్లూ ఒకేసారి వద్దు, ముందు ఒక్కదాని మీద.

సెడ్ తప్పనిచోట ‘-ఐ.బ్యాక్’ వాడితే పాత ఫైల్ పక్కన ఉంటుంది. కానీ వెబ్ సర్వర్ ఎన్‌జిన్ఎక్స్ సైట్స్-ఎనేబుల్డ్ ఫోల్డర్లో మాత్రం ఆ పని చేయకండి. అక్కడున్నవి మామూలుగా సిమ్‌లింకులు, అంటే సైట్స్-అవైలబుల్ ఫోల్డర్లోని అసలు ఫైళ్లని చూపించే లింకులు. సెడ్ లింకు స్థానంలో మామూలు ఫైల్ పెట్టేస్తుంది, సైట్స్-అవైలబుల్‌లోది పాతదిగానే ఉండిపోతుంది. ఉబుంటులో ఎన్‌జిన్ఎక్స్ ఆ ఫోల్డర్లో ఉన్నవన్నీ చదువుతుంది, .బ్యాక్‌తో సహా. డిఫాల్ట్ సైట్ అయితే ‘డూప్లికేట్ డిఫాల్ట్ సర్వర్’ అని రీలోడే ఆగిపోతుంది. సైట్స్-అవైలబుల్‌లో ఉన్న అసలు ఫైల్నే మార్చండి.