ఈఆర్సీలో చేరిన శ్రావణికి

చి. శ్రావణికి,

బాబాయి ఆశీస్సులు. విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్సీ)లో, కరెంటు చార్జీలు చూసే టారిఫ్ విభాగంలో చేరావని అన్నయ్య చెప్పాడు. చాలా సంతోషం. అలాంటి ఆఫీసులోనే ఏళ్ల తరబడి పనిచేశాను కాబట్టి కొన్ని మాటలు రాస్తున్నాను.

ముందు 2003 విద్యుత్ చట్టంలో 108వ సెక్షన్ చదువు. ప్రజాప్రయోజనం ఉన్న విధాన విషయాల్లో ప్రభుత్వం మండలికి ఆదేశాలు ఇవ్వచ్చు, కానీ రాతపూర్వకంగానే ఇవ్వాలి. 'పైనుంచి చెప్పారు' అని ఎవరైనా ఫోన్ చేస్తే వాదన పెట్టుకోకు. 'సార్, ఒక లెటర్ పంపండి, ఫైల్లో పెడతాను' అను. చాలాసార్లు ఆ లెటర్ రాదు. వచ్చిందా, అది విధానమా కాదా అన్న తుది మాట కూడా ప్రభుత్వానిదే. చట్టంలో ఇది పెద్ద లోపమని నా అభిప్రాయం. అయినా కాగితం మీదికి వచ్చిన ఆదేశాన్ని జనం చూడగలరు, కోర్టులో ప్రశ్నించగలరు.

సబ్సిడీ విషయంలో 65వ సెక్షన్ నీకు అండ. ప్రభుత్వం ఆ సొమ్ము ముందుగా కట్టకపోతే మండలి ఖరారు చేసిన పూర్తి రేటే అమలవుతుంది. నోట్‌లో ఈ సంగతి ప్రతి ఏడాదీ రాయి.

అసలు ఒత్తిడి ఆలస్యం రూపంలో వస్తుంది. డిస్కమ్‌లు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, వచ్చే ఏడాదికి తమకు ఎంత రాబడి కావాలో చూపే లెక్క (ఏఆర్ఆర్) నవంబరు 30కల్లా మండలికి రావాలి. ఎన్నికలు దగ్గరపడితే గడువు పెంచమంటారు. చార్జీలంటే నాయకులకు ఎందుకంత టెన్షనో 2000 ఆగస్టు 28న చార్జీల పెంపుపై ఆందోళన చేసినవాళ్ల మీద హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో జరిగిన కాల్పులు చూసిన మా తరానికి తెలుసు. కానీ వాయిదా వేసిన భారం వడ్డీతో కలిసి ట్రూ-అప్‌గా, అంటే పాత ఖర్చుల సర్దుబాటు పేరుతో, మళ్లీ ఆ జనం బిల్లులోకే వస్తుంది. డిస్కమ్‌లు ఫైల్ చేయకపోతే మండలే సుమోటోగా, అంటే తనంతట తానే, చార్జీల ఖరారు మొదలుపెట్టాలని విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్ 2011 నవంబరులోనే చెప్పింది. డిసెంబరు మొదటి వారంలోనే ఆ తీర్పు జతచేసి నోట్ పెట్టు.

బహిరంగ విచారణలకు తప్పకుండా వెళ్లు. రైతు సంఘాల వాళ్లు చెప్పేది నీ చేత్తో రాసుకో. ఏ అభ్యంతరాన్ని ఎందుకు తోసిపుచ్చారో ఆర్డర్‌లో కారణం లేకపోతే అడుగు. చిన్న ఉద్యోగినని వెనకాడకు.

ఇక అంకెలు. లెక్కలన్నీ డిస్కమ్‌ల దగ్గరే ఉంటే, మండలి ఎంత స్వతంత్రంగా ఉందన్నా వాళ్లు చెప్పిందే నమ్మాల్సి వస్తుంది. మీటర్లు లేని పంపుసెట్ల వాడకం అంచనా మీదే నడుస్తుంది. దారిలో పోయిన కరెంటును కూడా పంపుసెట్ల వాడకంలో కలిపేయచ్చు కాబట్టి, పంపిణీ నష్టాలు దాక్కోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గరి శాంపిల్ మీటర్లలో ఎన్ని నిజంగా పనిచేస్తున్నాయో, డివిజన్ వారీగా రీడింగులు తెప్పించు. అవి చేతికి వచ్చాక ఫోన్ చెయ్యి, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ బాబాయి