మూడు కత్తులు, ఒక మామిడి తోట

ప్రశ్న: అన్నా, తోటలో తోతాపురి కాయలు కోసి చూసేందుకు మూడు మడత కత్తులు వాడతాను. స్విస్ కంపెనీ విక్టోరినాక్స్ కత్తి రెండు రోజులకే మొద్దుబారుతోంది, డీ2 అనే గట్టి రకం స్టీల్‌ది ఎంత నూరినా పదునెక్కదు, ఫ్రెంచ్ కంపెనీ ఒపినెల్ కార్బన్ స్టీల్ కత్తి నల్లబడిపోయింది. ఏది ఉంచుకోమంటావు?
– ఒక పాఠకుడు, దామలచెరువు

జవాబు: తమ్ముడూ, ఏదీ పారేయొద్దు. విక్టోరినాక్స్ స్టీల్ కొంచెం మెత్తన, గట్టిదనం కొలిచే రాక్‌వెల్ లెక్కలో 55–56 ఉంటుంది. దాని అంచు అరిగేదానికన్నా ఒక పక్కకి ఒరిగేదే ఎక్కువ, అందుకే పింగాణి కప్పు బోర్లించి అడుగున గరుకుగా ఉండే అంచు మీద నాలుగుసార్లు లాగితే మళ్లీ తెగుతుంది. డీ2 అలా కాదు, అందులో కార్బన్ ఒకటిన్నర శాతం, క్రోమియం పన్నెండు శాతం దాకా ఉంటాయి, ఆ రెండూ కలిసి గట్టి రేణువులుగా ఏర్పడతాయి కాబట్టి మామూలు సానరాయికి లొంగదు. వజ్రపు పొడి అంటించిన డైమండ్ ప్లేటు కొనుక్కో. ఒకసారి పదునెక్కిందంటే మాత్రం చాలా రోజులు నిలుస్తుంది, కాకపోతే టెంక మీద పెట్టి మెలితిప్పావంటే అంచు పెచ్చులూడుతుంది. ఒపినెల్ నలుపు మామిడి పులుపు వల్ల వచ్చింది, దానికి టెన్షన్ వద్దు, ఎర్ర తుప్పు పట్టకుండా తుడిచి చుక్క నూనె రాస్తే చాలు. నన్నడిగితే తోటకి విక్టోరినాక్సే, తడిసినా బాధ లేదు.

అసలు తప్పు నూరడంలో ఉంటుంది. రాయికీ కత్తికీ మధ్య ఇరవై డిగ్రీల వాలు మారకుండా నూరుతూ, మధ్యలో రెండో వైపు వేలితో అడ్డంగా తడిమి చూడు. మొదలు నుంచి మొన దాకా సన్నటి గరుకు తగిలితేనే కత్తి తిప్పాలి. చాలామంది అంతదాకా ఆగరు, నీ డీ2కీ అదే జరిగి ఉంటుంది. చక్రం మీద సాన పట్టేవాళ్లకి మాత్రం ఇవ్వకు. తిరుపతిలో ఒకాయనకి ఇచ్చాను, నిప్పురవ్వలు ఎగిరితే బాగా పడుతోందనుకున్నాను, ఇంటికొచ్చి చూస్తే మొన దగ్గర నీలం రంగు తేలింది, అంటే వేడికి ఆ స్టీల్ బిగువు పోయినట్టే, ఆ తర్వాత రెండు కాయలకి కూడా పదును నిలవలేదు.

పదును చూడాలంటే బొటనవేలు పెట్టకు, మదనపల్లె టమోటా తెచ్చి నొక్కకుండా లాగు, తొక్క మీద జారకుండా దిగితే సరిపోయినట్టే. అన్నట్టు, కొండకి పోయే రోజు జేబులో మరిచిపోవద్దు, అలిపిరి చెకింగ్‌లో ఆపుతారు.